తాళం తీసేముందు నేల చూడండి

ప్రశ్న: మా కాలనీలో సింగరేణి బొగ్గు కంపెనీ పాత క్లబ్బు ఏళ్లుగా మూతబడి ఉంది. గోడల్లో పగుళ్లున్నాయి. పిల్లలకు బొమ్మలు, పాట, నాటకం నేర్పే చోటుగా మార్చుకోవచ్చా?
– ఓ పాఠకుడు, గోదావరిఖని

జవాబు: మార్చుకోవచ్చు. హైదరాబాద్ బంజారాహిల్స్‌లో ఒక ఇల్లే 2010లో ‘లామకాన్’ అయింది; నాటకాలు, సంగీతం, చర్చలతో నడుస్తోంది. అయితే మీ ప్రాంతంలో ముందు చూడాల్సింది నేల. భూగర్భ గనిలో బొగ్గు తీశాక పైనేల కుంగొచ్చు. పగుళ్లకు అదొక కారణం, కప్పు కారడం ఇంకొకటి.

పగులుకు అడ్డంగా సన్నని గాజుపలక అతికించి తేదీ రాయండి. అది విరిగితే గోడ ఇంకా కదులుతున్నట్టే. పాత సున్నపు గోడకు సిమెంటు పూయొద్దు, తేమ లోపలే చిక్కుకుంటుంది. ఆస్‌బెస్టాస్ రేకులుంటే పగలగొట్టొద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు.

క్లబ్బు కంపెనీది కాబట్టి నోటిమాట అనుమతి చాలదు. సంఘం రిజిస్టర్ చేయించి, ఏరియా జనరల్ మేనేజర్‌కు దరఖాస్తు పెట్టండి. అద్దె, కరెంటు, మరమ్మతుల ఖర్చు ఎవరిదో కాగితం మీద తేల్చుకోండి. ఈలోగా తరగతులు ఆరుబయటే నడపండి.

కింద గని ఉందో లేదో కంపెనీ సర్వే విభాగాన్ని అడగండి. గాజుపలక విరిగినా, కప్పులో ఇనుప చువ్వలు బయటపడినా లోపలికి ఎవరినీ పోనివ్వకుండా స్ట్రక్చరల్ ఇంజనీరును వెంటనే పిలిపించండి.