నడుం నొప్పికి మర్దన

నాట్లు వేసే ఆడవాళ్ళు రోజంతా వంగే ఉంటారు. వంగి వంగి నడుము కండరాలు బిగుసుకుపోతాయి. రాత్రి పడుకున్నా లాగుతూనే ఉంటుంది. 3 నెలలు దాటినా తగ్గకపోతే దాన్ని దీర్ఘకాలిక నొప్పి అంటారు.

మర్దన చేస్తే బిగిసిన కండ సడలుతుంది. నిద్ర పడుతుంది. అయితే ఇది కొన్నాళ్ళ ఊరటే. పనిలో మధ్య మధ్య లేచి నిలబడాలి. నడుము చాచుకోవాలి.

నువ్వుల నూనె గోరువెచ్చగా చేయాలి. మనిషిని బోర్లా పడుకోబెట్టాలి. వెన్నుపూస మీద నొక్కకూడదు. దానికి అటూ ఇటూ ఉన్న కండ మీద అరచేతులతో కింది నుంచి పైకి రాయాలి. మొదట మెల్లగా, తర్వాత బొటనవేళ్ళతో కొంచెం గట్టిగా. 10, 15 నిమిషాలు చాలు. "గట్టిగా తొక్కితేనే పోతుంది" అంటారు కొందరు. అది తప్పు. నొప్పి పెరిగితే ఆపేయాలి.

తర్వాత ఉప్పు మూటతో కాపడం పెట్టవచ్చు. వేడి ఎంతుందో ముందు తన చేతి మీద చూసుకోవాలి. షుగరు ఉన్నవాళ్ళలో కొందరికి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. కాలినా తెలియదు.

ఇంట్లో అత్తకు, మొగుడికి కాళ్ళు పట్టేది ఆమే. మరి ఆమె నడుముకు నూనె రాసేదెవరు? మొగుడు రాస్తే తప్పేముంది?

ఒక్క పిక్క మాత్రమే వాచి, వేడిగా ఉంటే మర్దన చేయరాదు. లోపల రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు పోతే ప్రాణం మీదికి వస్తుంది. కింద పడి దెబ్బ తగిలినా, నొప్పితోపాటు జ్వరం ఉన్నా ముందు డాక్టరుకు చూపించాలి. కాళ్ళు తిమ్మిరెక్కి పట్టు తప్పినా, మూత్రం ఆగకపోయినా, అసలు రాకపోయినా ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి.