ఆటయంత్రపు కంట్రోలరు: దాని మన్నిక, దాని లోపములు

నేటి బాలబాలికలలో వీడియో గేము నెఱుగనివా రరుదు. తెరపై బండి పరుగిడవలెనన్నను, బంతి గోలులోనికి పోవలెనన్నను, ఆడువాని యాజ్ఞను యంత్రమునకు చేరవేయునది చేతిలోని కంట్రోలరే. ప్లేస్టేషను, ఎక్స్‌బాక్సు, నింటెండో మొదలగు యంత్రములు బల్లపై కదలక కూర్చుండి యేండ్లతరబడి పనిచేయుచుండగా, ఈ చిన్న సాధనము మాత్రము ముందుగా పాడగును. పాడైనంతనే పిల్లలు "ఇది పోయినది, క్రొత్తది కొనుడు" అందురు. తండ్రి నెలజీతపు లెక్క చూచుకొనును. ఆ రెంటికి నడుమ అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు: అది నిజముగా అరిగిపోయినదా, లేక మురికిపట్టి మొరాయించుచున్నదా? ఈ భేదము నెఱిగినచో పారవేయబోవు కంట్రోలరులలో ననేకములు మరల పనికివచ్చును. ఎఱుగు విధమును తెలుపుటకే యీ వ్యాసము. ఆటలో గడుపదగిన కాలమెంత యనునది వేఱు ప్రశ్న. దానిని తల్లిదండ్రుల నిర్ణయమునకు విడిచెదము.

లోపలి నిర్మాణము

కంట్రోలరు పెంకును విప్పినచో సర్క్యూటు బోర్డొకటి కానవచ్చును. సాధారణముగా బటనుల క్రింద మెత్తని సిలికాను రబ్బరు గుబ్బలుండును. గుబ్బ యడుగున నల్లని బిళ్ళ యొకటి యంటియుండును. అది కర్బనము కలిపిన రబ్బరు, విద్యుత్తును ప్రవహింపనిచ్చును. దాని క్రింద, దువ్వెన పండ్లవలె ఒకదానిలో నొకటి యిమిడియు, ఒకదాని నొకటి తాకక యున్న రెండు గీతలుండును. వ్రేలితో నొక్కగా గుబ్బ క్రుంగి, నల్లబిళ్ళ యా రెండు గీతలకు వంతెన యగును. వ్రేలు తీయగా గుబ్బ పైకి లేచి వంతెన తెగును. టెలివిజను రిమోటులోను చాలవరకు నిదియే యేర్పాటు.

బొటనవ్రేలితో త్రిప్పు మీట వేఱు విధమైనది. బటను "అవును, కాదు" అను రెండు మాటలే చెప్పును. మీట "ఎంత" యనునది కూడ చెప్పవలెను. కొంచెము వంచిన నడక, మిక్కిలి వంచిన పరుగు. ఇందులకై మీట మొదట రెండు పొటెన్షియోమీటరులను అమర్తురు. ఒకటి కుడియెడమల కదలికను, రెండవది ముందువెనుకల కదలికను కొలుచును. ఒక్కొక్క దానిలో కర్బనపు పూత గల చిన్న బాటయు, ఆ బాటపై జాఱు లోహపు నాలుకయు నుండును. నాలుక జరిగినకొలది వోల్టేజి మారును. మీట నడుమ నిలిచినప్పుడు సుమారు సగము వోల్టేజి వచ్చును. అటు వంచిన పెరుగును, ఇటు వంచిన తగ్గును. వ్రేలు తీసినంతనే మీటను నడిమికి తెచ్చునది స్ప్రింగు.

ఇది కష్టమని తలపవలదు. విద్యార్థులు ఇంట నీ ప్రయోగము చేసి చూడవచ్చును. తెల్లకాగితముపై మెత్తని పెన్సిలుతో జానెడు పొడవున మందమైన గీత గీయుడు. మల్టీమీటరును నిరోధము కొలుచు గుర్తునకు త్రిప్పి, ఒక ముల్లును గీత మొదట నానించి, రెండవ ముల్లును మెల్లగా దూరము జరుపుడు. దూరము పెరిగినకొలది నిరోధము పెరుగును. కంట్రోలరులోని పొటెన్షియోమీటరు కిదియే సూత్రము. ఇక ముల్లును గీతపై నొకేచోట నూఱుమారులు రాచి మరల కొలువుడు. పూత లేచిపోయినచోట అంకె నిలువక ఎగిరిపడుచుండును. మీట చెడుట యనగా నేమో అప్పుడు కంటికి కట్టినట్లు తెలియును.

ఇచ్చట కొత్తగూడెపు పిల్లలకు సందేహము కలుగవచ్చును. పెన్సిలులోని గ్రాఫైటు కర్బనమే. మన గనుల బొగ్గులో ముఖ్యాంశము కర్బనమే. అట్లయిన బొగ్గుముక్కతో గీసిన గీతకు విద్యుత్తేల చక్కగ ప్రవహింపదు? గ్రాఫైటులో కర్బన పరమాణువులు పొరలుపొరలుగా క్రమముగా నమరియుండి, ఆ పొరలలో ఎలక్ట్రానులు స్వేచ్ఛగా తిరుగాడును. 1871లో విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున కనుగొన్న యీ బొగ్గులో నట్టి క్రమము లేదు. హైడ్రోజను, ఆక్సిజను, ఖనిజపు బూడిద కలిసియుండును. కావున విద్యుత్తు దానిగుండ మిక్కిలి యల్పముగా ప్రవహించును. మూలపదార్థ మొకటియే యైనను అమరిక వేఱైన గుణము వేఱగు నను సత్యమున కిది మంచి నిదర్శనము.

సాధారణముగా కలుగు లోపములు

మొదటిది డ్రిఫ్టు. ఎవరును తాకకున్నను తెరపై మనిషి తనంతట తాను నడచిపోవుట, చూపు ప్రక్కకు జాఱుట దీని లక్షణము. దీనికి కారణములు మూడు. నాలుక రాపిడికి కర్బనపు బాట అరుగుట యొకటి. అరిగిన పొడియో, బయటి ధూళియో బాటపై నిలిచి నాలుక నెత్తిపట్టుట రెండవది. స్ప్రింగు సడలి మీట సరిగా నడిమికి రాకుండుట మూడవది. రెండవ కారణము శుభ్రముచే తొలగును. మొదటిదియు మూడవదియు తొలగవు. ఈ భేదమును గుర్తింపక కొందరు శుభ్రపఱుపదగినదానిని పారవేయుదురు. మఱికొందరు అరిగినదానినే మరలమరల తుడిచి విసుగుచెందుదురు.

రెండవది బటను పలుకకపోవుట. తీపి పానీయము చింది జిగురు కట్టుట, చేతి చెమటయు చమురును లోనికి దిగుట, నల్లబిళ్ళ పై పొర పోవుట, గుబ్బ చినుగుట దీనికి కారణములు. ఓటమి కోపమున బటనును బలముగా నొక్కినంత మాత్రమున ఆట వేగముగా సాగదు. బిళ్ళ గీతలను తాకిన చాలును. ఆ పైబలమంతయు రబ్బరును నలుపుటకే వినియోగమగును.

మూడవది చార్జింగు రంధ్రము వదులగుట. కేబులు తగిలించియే ఆడుచు, దానిని ప్రక్కకు లాగుటచే రంధ్రమును బోర్డునకు పట్టియుంచు టంకము పగులును. 2013లో వచ్చిన డ్యూయల్‌షాక్ 4 కంట్రోలరునకు మైక్రో యూఎస్‌బీ రంధ్ర ముండెను. దానిలో కేబులు ఒకవైపుగనే దూరును, తల్లక్రిందులుగా నెట్టినచో లోపలి నాలుక వంగును. 2020లో వచ్చిన డ్యూయల్‌సెన్సునకు టైప్-సి రంధ్రము గలదు. దానిలో నెటు దూర్చినను సరిపోవును. అయినను లాగుడునకు ఏ రంధ్రమును చిరకాలము తాళజాలదు.

నాల్గవది బ్యాటరీ నీరసము. లిథియం బ్యాటరీకి వేడి గొప్ప శత్రువు. మన కొత్తగూడెమున వేసవి యెండ 45 డిగ్రీలను సమీపించు దినములు కలవు. అట్టి దినములలో కంట్రోలరును కిటికీయొద్ద నెండలోను, మూసిన కారులోను ఉంచుట దాని యాయువును తగ్గించుటయే. బ్యాటరీ యుబ్బి పెంకు విడివడుచున్నట్లు కనబడినచో వెంటనే వాడుక మానవలెను. దానిని నొక్కుటయు పొడుచుటయు నగ్నిప్రమాదమునకు దారితీయును.

అయిదవది పాటు, అనగా క్రింద పడుట. ఒక్కసారి నేలను తాకినంతనే చెడకపోవచ్చును. కాని లోపల రిబ్బను తీగ ఊడుట, టంకము పగులుట, వెనుక మీటల స్ప్రింగు జాఱుట తఱచు దీనివలననే కలుగును.

తయారుచేయువారు నేర్చిన పాఠములు

1996లో నింటెండో 64 అను యంత్రము వెలువడెను. దాని మీట గిన్నెవంటి ప్లాస్టిక్కు గుంటలో తిరుగుచుండెను. ప్లాస్టిక్కుపై ప్లాస్టిక్కు రాచుకొని తెల్లని పొడి రాలుటయు, కొంతకాలమునకు మీట వదులై వ్రాలుటయు జరిగెను. ఆ యంత్రముపై "మారియో పార్టీ" అను ఆటలో మీటను అరచేతితో గిరగిర త్రిప్పవలసి వచ్చెడిది. పిల్లల అరచేతులు పొక్కులెక్కగా, 2000లో న్యూయార్కు రాష్ట్రపు అటార్నీ జనరలుతో కుదిరిన యొప్పందము ప్రకారము ఆ సంస్థ చేతితొడుగుల నుచితముగా నిచ్చుట కంగీకరించెను. రాపిడి మీటనే కాక మనిషి చేతినిగూడ అరుగదీయు నని లోకమునకప్పుడు తెలిసెను.

2017లో వచ్చిన స్విచ్ యంత్రపు జాయ్‌కాను కంట్రోలరులకు డ్రిఫ్టు విస్తారముగా కలిగెను. 2019లో అమెరికాలో వినియోగదారులు దావా వేసిరి. 2020 జూనులో ఆ సంస్థ యధ్యక్షుడు షుంటారో ఫురుకావా వినియోగదారులకు కలిగిన యిబ్బందికి క్షమాపణ తెలిపెను.

రాపిడిలేని మీట సాధ్యము కాదా యని యడుగవచ్చును. సాధ్యమే. 1879లో ఎడ్విన్ హాల్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు విద్యుత్తు ప్రవహించు లోహపు రేకుపై అయస్కాంతశక్తి ప్రసరింపజేసినచో రేకు రెండంచుల నడుమ స్వల్పమైన వోల్టేజి పుట్టునని కనుగొనెను. మీట కొక చిన్న అయస్కాంతమును తగిలించి, ఆ వోల్టేజిని కొలిచినచో మీట స్థానము తెలియును. ఒకదానినొకటి తాకనవసరము లేదు, తాకనిది అరుగదు. సెగా సంస్థవారు 1998 నాటి డ్రీమ్‌కాస్టు కంట్రోలరులో నీ సూత్రమునే వాడిరి. కర్బనపు బాట చౌక యగుటచే చాలమంది దానినే యనుసరించిరి. నేడు హాల్ సూత్రపు కంట్రోలరులు బజారున మరల దొరకుచున్నవి. వానిలోను స్ప్రింగును కీలును అరుగక మానవు. కాని తఱచుగా చెడు భాగమొకటి తొలగినది.

పరీక్షించు క్రమము

లోపము కనబడినప్పుడు ముందుగా స్క్రూడ్రైవరు పట్టరాదు. మొదట ఆటను మార్చి చూడవలెను. ఒక్క ఆటలోనే లోపమున్న తప్పు కంట్రోలరుది కాకపోవచ్చును. పిమ్మట కేబులును మార్చి, వీలైన వేఱొక యంత్రమునకు తగిలించి చూడవలెను. ఆపై యంత్రపు సెట్టింగులలో మీట నడిమిస్థానమును సరిచేయు ఏర్పాటున్న దానిని వాడవలెను. గ్యారంటీ గడువున్నచో నింతటితో ఆగి విక్రయించినవారి యొద్దకు పోవుట మేలు. విప్పినచో హక్కు పోవచ్చును.

గడువు తీరినదైనచో పెద్దలు దగ్గఱనుండగా శుభ్రము చేయవచ్చును. ముందు ఆపి, కేబులు తీసివేసి, మెత్తని పొడి బ్రష్షుతో మీట చుట్టు నున్న ధూళిని దులుపవలెను. జిగురునకు ఐసోప్రొపైల్ ఆల్కహాలు తడిపిన దూది చాలును. దానిని నిప్పునకు దూరముగ నుంచి, పూర్తిగా నాఱినపిదపనే యంత్రమునకు తగిలింపవలెను. కిరోసిను, పెట్రోలు, కొబ్బరినూనె వాడరాదు. నూనె ధూళిని పట్టి బురద చేయును. పెట్రోలు ప్లాస్టిక్కును చెఱచుటయే గాక నిప్పును పిలుచును.

శుభ్రము చేసినపిదప కొన్నిదినములు లోపము పోయి మరల వచ్చిన, అది అరుగుదల యని తెలిసికొనవలెను. అప్పుడు మీట భాగమును మాత్రము మార్పించినచో కంట్రోలరు మరల పనికివచ్చును. టంకపుపని తెలిసినవాని కిది సాధ్యమే. పనికిరాని బ్యాటరీని చెత్తకుండీలో వేయక ఎలక్ట్రానికు వ్యర్థములను స్వీకరించువారికే యీయవలెను.

ఆటవస్తువునుండి గనివఱకు

ఇంత చిన్నవస్తువునకింత చర్చ యేల యని పెద్దలు కొందఱు తలంపవచ్చును. 2006లో సింగరేణి సంస్థ కొత్తగూడెపు వెంకటేశ్ ఖని 7వ ఇంక్లైనులో కంటిన్యూయస్ మైనరను బొగ్గుకోత యంత్రమును ప్రవేశపెట్టెను. టన్నులకొలది బరువుగల యట్టి యంత్రమును నడుపువాడు దానిపై కూర్చుండడు. పైకప్పు భద్రముగా నున్నచోట వెనుక నిలిచి, చేతిలోని రేడియో రిమోటు మీటలతో నడుపును. ఆ మీటయు మన మీటయు చేయు పని యొకటియే: వ్రేలి యాజ్ఞను దూరమునకు చేర్చుట. ఇంట మీట నడిమికి రాకున్న ఆట యోడిపోవుదుము. గనిలో మీట నడిమికి రాకున్న ఇనుపయంత్రము ఆగవలసినచోట ఆగదు. దాని ప్రక్కన మనుష్యులుందురు.

అందుచేతనే గనిలో పనిముట్టును చెడినపిదప కాక, చెడకమునుపే చూతురు. ఈ పాఠశాలలో చదువుకొను బాలురు, బాలికలు కొందఱు రేపు గనులలోను, కర్మాగారములలోను, ఆసుపత్రులలోను ఇంతకంటె పెద్ద మీటలను పట్టుకొందురు. మీటలో కలిగిన స్వల్పమైన వదులును "పోనిమ్ము" అని విడువక, అది ధూళియా, అరుగుదలయా యని నిదానించి చూచు అలవాటు ఆ దినమున వారికి వెంటనే రాదు. ఆటవస్తువునొద్ద నేర్చుకొనిన తప్పు జరిగినను నష్టము స్వల్పము. కావున నచ్చటనే నేర్చుకొనవలెనని మా యభిప్రాయము. ముందు పరీక్ష, పిమ్మట శుభ్రము, ఆపై మరమ్మతు, కడపట కొనుగోలు. ఈ క్రమము తప్పనివారి యింట వస్తువులును మన్నును, తండ్రి జీతమును నిలుచును.