ఊరు చూద్దాం, బోర్డు చదువుదాం

ఇద్దరు స్నేహితురాళ్ళు ఉన్నారనుకుందాం. ఒకామె పేరు సత్యవతి. ఇంకొకామె పేరు మంగ.

సత్యవతిది పిఠాపురం. కొన్నాళ్ళు ఆమె రాజమండ్రిలో ఉంది. అక్కడ రాత్రి బడిలో చేరింది. మంగ కూడా అదే బడిలో చేరింది. ఇద్దరూ ఒకే చాప మీద కూర్చుని పలక పట్టారు. ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవారు.

తరువాత సత్యవతి సొంత ఊరు వచ్చేసింది. కానీ చదవడం మానలేదు. మంగ కొడుక్కి జబ్బు చేసింది. ఆమె బడి మానేసింది. నేర్చిన అక్షరాలు మెల్లగా మరుపున పడ్డాయి.

ఒకరోజు మంగ ఫోను చేసింది.

"వదినా, మా అమ్మాయికి పెళ్ళి కుదిరింది. ఉప్పాడ చీర కొనాలి. ఉప్పాడ మీ ఊరికి దగ్గరే కదా! కానీ ఒక్కదాన్నీ రైల్లో ఎలా రాను?"

"భయం ఎందుకు వదినా? నీకు ఉత్తరం రాస్తాను. అది చేత్తో పట్టుకుని రైలెక్కు" అంది సత్యవతి.

ఉత్తరంలో స్టేషన్ల పేర్లు వరసగా రాసింది.

రాజమండ్రి – కడియం – ద్వారపూడి – అనపర్తి – బిక్కవోలు – సామర్లకోట – పిఠాపురం.

మధ్యలో ఇంకా చిన్న స్టేషన్లు ఉన్నాయి. గుర్తుకి ఇవి చాలు.

మంగ పాసింజరు రైలెక్కింది. కిటికీ పక్కన కూర్చుంది. ప్రతి స్టేషనులోనూ పసుపు పచ్చని బోర్డు ఉంది. దాని మీద నల్లని అక్షరాలు ఉన్నాయి. ఊరి పేరు తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో రాసి ఉంది. మంగ తెలుగు పేరును ఉత్తరంలోని పేరుతో పోల్చి చూసింది. మొదట "క" గుర్తొచ్చింది. తరువాత "డి" గుర్తొచ్చింది. అనపర్తి వచ్చేసరికి పేరు మొత్తం కూడబలుక్కుని చదివింది.

సామర్లకోటలో చాలామంది దిగారు. కాకినాడ వెళ్ళేవారు అక్కడ రైలు మారతారు. మంగ కంగారుపడి లేచింది. మళ్ళీ ఉత్తరం చూసుకుంది. పిఠాపురం ఇంకా రాలేదు. మళ్ళీ కూర్చుంది.

జపాన్ దేశంలో స్టేషను బోర్డు మీద ఆ స్టేషను పేరు పెద్దగా రాస్తారు. వెనక స్టేషను పేరు, రాబోయే స్టేషను పేరు కూడా రాస్తారు. కొత్తవారికి అది ఎంతో సాయం. ఇక్కడ మంగకు ఆ సాయం సత్యవతి ఉత్తరం చేసింది.

సత్యవతి స్టేషనుకి ఎదురొచ్చింది. ముందు పాదగయకు తీసుకెళ్ళింది. అక్కడ కుక్కుటేశ్వర స్వామి గుడి, పురుహూతికా దేవి గుడి ఉన్నాయి. పెద్ద కోనేరు ఉంది. గయాసురుడి తల బీహారులోని గయలో, నాభి ఒడిశాలోని జాజ్‌పూర్‌లో, పాదాలు పిఠాపురంలో ఉన్నాయని స్థలపురాణం చెబుతుంది. శివుడు ఇక్కడ కోడి రూపంలో కూశాడంటారు. కుక్కుటం అంటే కోడి.

"ఈ ఊరు ఎంత పాతది వదినా?" అని మంగ అడిగింది.

"చాలా పాతది. దీని పాత పేరు పిష్టపురం. సుమారు 1650 ఏళ్ళ కిందట సముద్రగుప్తుడు అనే రాజు దక్షిణాదికి దండెత్తి వచ్చాడు. అప్పుడు పిష్టపురం రాజు మహేంద్రుడు ఆయన చేతిలో ఓడిపోయాడు. ఆ సంగతి రాతి స్తంభం మీద చెక్కించారు. ఆ స్తంభం ఇప్పుడు అలహాబాదు కోటలో ఉంది. రాసి పెట్టారు కాబట్టే మనకు తెలిసింది" అంది సత్యవతి.

మధ్యాహ్నం ఇద్దరూ ఆటోలో ఉప్పాడ వెళ్ళారు. ముందు ఒక నేత ఇంటికి వెళ్ళారు. మగ్గం దగ్గర ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేస్తున్నారు. పువ్వు వచ్చే చోట రంగు దారాన్ని చేత్తో జొనుపుతున్నారు.

"దీన్ని జాందానీ అంటారమ్మా. పని ఎక్కువైతే ఒక్క చీరకు నెలల తరబడి పడుతుంది. చీర తిరగేసి చూడండి. రెండు వైపులా పువ్వు ఒకేలా ఉంటుంది. వెనక వదులు దారాలు ఉండవు" అని నేతామె చెప్పింది.

ఉప్పాడ జాందానీ చీరకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే ఈ ప్రాంతంలో, ఈ పద్ధతిలో నేసిన చీరకే ఆ పేరు చెల్లుతుంది.

తరువాత ఒక దుకాణానికి వెళ్ళారు. ఎర్ర చీర ఒకటి మంగకు నచ్చింది. ధర తక్కువే. "అసలైన జాందానీ అమ్మా!" అన్నాడు దుకాణదారు. మంగ కొంగు ముడి విప్పబోయింది. అందులో ఆమె రెండేళ్ళ కూలి డబ్బు ఉంది.

సత్యవతి చీర తిరగేసింది. పువ్వు వెనక దారాలు వేలాడుతున్నాయి.

"బిల్లు మీద చేనేత జాందానీ అని రాసివ్వండి" అంది.

"అవన్నీ ఎందుకమ్మా? నా మాట చాలదా?" అన్నాడతను.

ఇద్దరూ చీర అక్కడ పెట్టి బయటికి వచ్చారు. మళ్ళీ నేత ఇంటికే వెళ్ళారు. అక్కడ ధర కొంచెం ఎక్కువ. మంగ చిన్న అంచు చీర ఎంచుకుంది. తన డబ్బులో సరిపోయింది. నేతామె చీటీ రాసి ఇచ్చింది. మంగ దాని మీద వేలు పెట్టి చదివింది.

"చే... నే... త. చేనేత!"

"చూశావా వదినా! అక్షరాలు ఎక్కడికీ పోలేదు. వాడకపోతే పదును తగ్గుతుంది, అంతే. రోజూ ఒక బోర్డు చదువు. మళ్ళీ పదునెక్కుతుంది" అంది సత్యవతి.

ఆలోచించి చెప్పండి

1. మంగ సామర్లకోటలో ఎందుకు దిగలేదు?
2. అసలైన జాందానీ చీరను ఎలా గుర్తుపడతారు?
3. దుకాణదారు మాట చాలదా? బిల్లు ఎందుకు అడగాలి?

చేయండి

1. మంగ తిరిగి వెళ్ళేటప్పుడు స్టేషన్లు ఏ వరసలో వస్తాయి? రాయండి.
2. మీ ఊరికి స్నేహితురాలు వస్తోంది. దారి చెబుతూ ఆమెకు ఉత్తరం రాయండి.