నూనె పట్టిన నేల

రాత్రి పాలల్లో చుక్క మజ్జిగ వేస్తాం. తెల్లారేసరికి పెరుగవుతుంది. ఆ పని ఎవరు చేశారు? కంటికి కనిపించని సూక్ష్మజీవులు. వాటినే బాక్టీరియా అంటారు. పెంటకుప్పలో పేడ, చెత్త మాగి ఎరువు కావటం కూడా వాటి పనే. పిడికెడు మట్టిలో కోట్ల కొద్దీ ఉంటాయి. అన్నీ రోగాలు తెచ్చేవి కావు.

వాటిలో కొన్ని ముడి నూనెను కూడా తింటాయి. ముడి నూనె అంటే భూమిలోంచి తోడేది. పెట్రోలు, డీజిలు, కిరసనాయిలు దాన్నుంచే తీస్తారు.

అస్సాంలోని డిగ్బోయ్‌లో 1889లోనే నూనె బావి పడింది. గుజరాత్‌లోనూ, మన గోదావరి జిల్లాల్లోనూ నూనె, గ్యాసు బావులున్నాయి. పైపు పగిలి నూనె వరి మడిలో పడిందనుకోండి. మట్టి జిడ్డు పట్టిపోతుంది. నీరు ఇంకదు. వేళ్లకు గాలి ఆడదు. విత్తనం మొలవదు. ఆ ఇంటికి తిండిగింజలూ పోయె, నాట్లు వేసే ఆడవాళ్లకు కూలీ పోయె.

ఆ మట్టిని ఎత్తి ఇంకోచోట పోస్తే? బాధ అక్కడికి మారుతుంది, అంతే. తగలబెడితే ఊరంతా పొగ.

ఢిల్లీలోని టెరి అనే పరిశోధన సంస్థ వేరే దారి పట్టింది. నూనె పడి పాడైన నేలల్లోనే వెతికారు. అక్కడ నూనె తిని బతికే బాక్టీరియాను ఏరి పెంచారు. వాటిని మొక్కజొన్న బెండ్ల పొడికి పట్టించి సంచుల్లో నింపారు. గింజలు ఒలిచాక మనం పొయ్యిలో పెట్టే బెండ్లే! ఈ పొడి పేరు ఆయిల్‌జాపర్. అస్సాం, గుజరాత్ నూనె బావుల దగ్గర దీన్ని వాడారు.

ముందు పైన తేలే చిక్కటి నూనెను తోడేస్తారు. తర్వాత ఈ పొడిని మట్టిలో కలుపుతారు. నత్రజని, భాస్వరం ఎరువులు వేస్తారు. తడి ఆరనివ్వరు. మధ్య మధ్య దున్నుతారు. దున్నటం ఎందుకు? ఆ జీవులకూ గాలి కావాలి. అవి నూనెను తింటుంటే అది బొగ్గుపులుసు వాయువుగా, నీరుగా మారుతుంది. నూనె అయిపోతే తిండి లేక అవీ చాలావరకు చచ్చిపోతాయి. ఇది ఒక్క రోజులో తేలే పని కాదు. నెలలు పడుతుంది. ఒక్కోసారి ఏడాది దాటుతుంది.

కొన్నిచోట్ల కొత్త బాక్టీరియా తేవాల్సిన పని కూడా లేదు. 1989లో అమెరికాలోని అలాస్కా తీరంలో ఓడ బద్దలై సుమారు 4 కోట్ల లీటర్ల నూనె ఒలికింది. అక్కడి రాళ్ల మీద ఎరువు చల్లారు. అక్కడే ఉన్న బాక్టీరియా పెరిగి నూనెను తొందరగా తిన్నాయి. కానీ రాళ్ల అడుగున, గాలి చొరని చోట, నూనె ఏళ్ల తరబడి అట్లాగే ఉండిపోయింది. ఇంకో సంగతి. సీసం, పాదరసం లాంటివి ఉంటే బాక్టీరియా వాటిని తినలేవు.

మీ పొలంలో నూనె పడితే దగ్గర నిప్పు వెలిగించొద్దు. పిల్లల్ని, గొడ్లను పోనివ్వొద్దు. తాసిల్దారుకూ, కాలుష్య నియంత్రణ మండలికీ అర్జీ పెట్టండి. కొన్నాళ్లకు వచ్చి "నేల బాగైంది" అని నోటిమాట చెబితే సరేననకండి. మట్టి పరీక్ష కాగితం అడగండి. మట్టి ఏ తేదీన తీశారు, ఎంత లోతున తీశారు, సర్వే నంబరు మీదేనా, చదివి చూసుకోండి.