యాత్రికుడు లేని యాత్రాగ్రంథం

ఆంటొనీ బోర్డెయిన్ అనే అమెరికన్ వంటవాడి పేరు మన విద్యార్థుల్లో కొందరికైనా టెలివిజన్ ద్వారా పరిచయమే. 1956లో న్యూయార్కులో పుట్టి, హోటళ్ల వంటశాలల్లో ఏళ్ల తరబడి చెమటోడ్చి, 2000లో ‘కిచెన్ కాన్ఫిడెన్షియల్’ పుస్తకంతో ఒక్కసారిగా ప్రసిద్ధికెక్కాడు. ఆ తర్వాత దేశాలు తిరగటం, అక్కడి జనంతో కలిసి కూర్చుని తినటం, వాళ్ల సంగతులు లోకానికి చెప్పటమే ఆయన వృత్తి అయింది. 2018 జూన్ 8న, చిత్రీకరణ కోసం ఫ్రాన్సు వెళ్లి, అక్కడి హోటలు గదిలో ఆత్మహత్య చేసుకున్నాడు. దాదాపు మూడేళ్లకు, 2021 ఏప్రిల్‌లో, ‘వరల్డ్ ట్రావెల్’ అనే గైడు ఆయన పేరుతో వెలువడింది. పుస్తకం బాగానే అమ్ముడుపోయింది. కాని ఎంతో ఆశగా తెరిచిన అభిమానులు పలువురు ఉసూరుమన్నారు. ఎందుచేత?

పుస్తకం తయారైన తీరు చూస్తే సగం జవాబు దొరుకుతుంది. సహరచయిత్రి లారీ వూలెవర్ ఆయనకు చాలా ఏళ్లు సహాయకురాలిగా పనిచేసిన మనిషి. ఈ గైడులో ఏయే ఊళ్లు ఉండాలి, ఏయే భోజనశాలలు ఉండాలి అని ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నది సుమారు ఒక గంట. ఆ సంభాషణ రికార్డయి ఉంది. ఆయన రాస్తానన్న వ్యాసాలు రాయకుండానే పోయాడు. ఇక ఆమె చేయగలిగింది ఏమిటి? పాత టెలివిజన్ కార్యక్రమాల్లో ఆయన అన్న మాటలు ఏరి, 43 దేశాల కింద సర్ది, విమానాశ్రయం నుంచి ఊళ్లోకి ఎలా వెళ్లాలి, టాక్సీకి ఎంతవుతుంది, ఫలానా హోటలు ఏ వీధిలో ఉంది అనే వివరాలు తానే సమకూర్చింది. ఆయన తమ్ముడు క్రిస్టఫర్, కొందరు మిత్రులు రాసిన జ్ఞాపకాలు మధ్య మధ్య చేర్చింది. చెప్పొద్దూ, పుస్తకంలో ప్రాణమున్న పేజీలు అవే!

టెలివిజన్ మాటకు ఒక లక్షణం ఉంది. అది బొమ్మను ఆనుకుని నిలబడుతుంది. 2016 మే నెలలో హనోయ్‌లో ఆయన అధ్యక్షుడు ఒబామాతో కలిసి ఒక మామూలు దుకాణంలో, చిన్న ప్లాస్టిక్ స్టూళ్ల మీద కూర్చుని ‘బున్ చా’ తిన్నాడు. బిల్లు ఆరు డాలర్లు. ఆ దృశ్యంలో ఉన్నదంతా ఆ స్టూళ్లలో, ఆ ఇద్దరి ముఖాల్లో, చుట్టూ ఉన్న సందడిలో ఉంది. అలాంటి చోటును గైడులోకి ఎక్కిస్తే మిగిలేది చిరునామా, ధర. బొమ్మను తీసేస్తే ఎంత చమత్కారపు మాటయినా వెలవెలబోతుంది. పైగా కరోనా వల్ల ఊరు కదలటమే కష్టంగా ఉన్న రోజుల్లో వచ్చిన పుస్తకమాయె.

అయితే నీరసమంతా ఆ వివరాలదేనా? అలా అనటానికి లేదు. మన ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటరు. 1830 మే 18న బయలుదేరి కాశీ వెళ్లి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. 1836లో కాలధర్మం చెందారు. దారి పొడుగునా కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెగారికి రాసిన ఉత్తరాలే ‘కాశీయాత్ర చరిత్ర’. పిళ్లెగారు దానిని 1838లో అచ్చువేయించారు. అదీ రచయిత పోయాక వెలువడిన గ్రంథమే. అందులోనూ ఏ మజిలీలో దిగటానికి వసతి ఉంది, నీళ్లు ఎలాంటివి, అంగళ్లలో ఏమి దొరుకుతుంది, ఏ ఏరు ఎలా దాటాలి అన్న వివరాలే పేజీల కొద్దీ కనిపిస్తాయి. ఆ సమాచారంతో ఇవాళ ఎవరికీ పనిలేదు. అయినా చదువుతాం. నీళ్లు దొరకని ఊళ్లో ఇబ్బంది పడ్డది, ఏటి ఒడ్డున పడవ కోసం ఆగింది ఆయనే కనుక, ప్రతి వాక్యం వెనకా ఒక మనిషి నడుస్తుంటాడు.

పిళ్లెగారి చేతికి పూర్తి గ్రంథం అందింది. వూలెవర్ చేతికి అందింది గంటసేపు మాటలు. ఆమె గొంతు మార్చి, ఆయన రాసినట్టు తాను రాసి ఉంటే పుస్తకం రక్తికట్టేదేమో. ఆ పని చేయలేదు. ఆయన మాటలు ఏవో, తనవి ఏవో విడిగా తెలిసేటట్టే ఉంచింది. జరిగినదేమిటో ముందుమాటలో దాచకుండా చెప్పుకుంది. ఈ నిజాయితీని మెచ్చుకోవలసిందే. కాని అట్టమీద మొదటి పేరు బోర్డెయిన్‌దే కదా! కొనేవాడు ఆ పేరు చూసి కొంటాడు, ముందుమాట చదివి కొనడు. నా దృష్టిలో ఆశాభంగానికి బాధ్యత సంకలనం చేసిన మనిషి మీద కంటే, ఆ పేరుతో దీనిని బజారుకు తెచ్చిన వ్యాపారం మీదనే ఎక్కువ ఉంది.

బోర్డెయిన్‌ను కొత్తగా చదవదలచిన విద్యార్థి ఈ గైడును పక్కన పెట్టి, 2001లో ఆయన స్వయంగా రాసిన ‘ఎ కుక్స్ టూర్’ తీసుకోవటం మంచిది. చిన్నప్పుడు సెలవులు గడిపిన ఫ్రాన్సు సముద్రతీరానికి ఆయన తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వెళ్లిన అధ్యాయం అందులో ఉంది. అప్పటి తిండే మళ్లీ వెతుక్కుని తింటాడు. ఎంత తిన్నా ఏదో వెలితి. తాను వెతుకుతున్నది ఆ రుచి కోసం కాదనీ, అప్పటికే గతించిన తండ్రి కోసమనీ అక్కడ ఆయనకు తెలిసివస్తుంది.