సర్పి: మూడు దినముల గడువు

సర్పి లేచినదనగానే జాజు పూసి వారము దినములు వేచియుండుట మన ఇండ్లలో నేటికిని కలదు. ఇది తగదు. బాల్యమున ఆటలమ్మను కలిగించిన వైరసే నాడీమూలములలో అణగియుండి, వార్ధక్యమున బలము తగ్గినపుడు దేహమున ఒక ప్రక్కగా పొక్కులై బయల్పడును. ఎసైక్లోవిర్ మాత్రలు దాని వృద్ధిని అరికట్టునేగాని నాడులలో దాగినదానిని నిర్మూలింపజాలవు. కావున వృద్ధి సాగుచుండగనే, అనగా పొక్కులు కనబడిన 72 గంటలలోపల, ఆరంభించిననే మేలు అధికము. పెద్దలకు సాధారణముగా 800 మిల్లీగ్రాముల మాత్రను దినమునకు 5 పర్యాయములు, 7 దినములు ఇత్తురు. నుదుటిపైనో ముక్కుకొనపైనో పొక్కులు లేచినచో కంటికే ముప్పు. ఆ దినముననే కంటివైద్యునికి చూపవలెను.

ఈ మందు మూత్రపిండముల ద్వారా వెడలిపోవును. నీరు చాలినంత త్రాగనిచో అచ్చటనే స్ఫటికములుగా పేరుకొనవచ్చును. అవి బలహీనమైనవారికి మోతాదు తగ్గింపవలసియుండును. మంట భరింపలేక ఇంటనున్న డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలను తోడుచేసికొనుట వృద్ధులకు, మధుమేహ రోగులకు మరింత హాని. వాతరక్తమునకు వాడు ప్రొబెనిసిడ్ ఈ మందు బయటకు పోవుటను జాప్యము చేయును. భస్మములు, కషాయములు సేవించుచున్నచో (నావంటివారు ఇచ్చినవైనను సరే) మాత్రలిచ్చు వైద్యునికి దాచక చెప్పవలెను. చందనలేపము చల్లదనమునకు మాత్రమే. పగిలిన పొక్కులపై అదియు వలదు.