ఎంపిక కాని బిడ్డ – తల్లిదండ్రుల కాయకము

తల్లిదండ్రులు బిడ్డకు ఇయ్యగల ఆస్తులలో పంచినకొలది తరుగనిది విద్య యొక్కటియే. వానను నమ్ముకొని బ్రదుకు కర్నూలు, కడప సీమలలో ఈ సత్యము అనుభవమున తెలిసినదే. నాలుగెకరముల మెట్టచేను నలుగురు అన్నదమ్ములకు పంచినచో ఎవరికిని చాలదు. అందుచేతనే ఐదవ తరగతి చదువు బిడ్డను, తెలివిగల పిల్లలకై ఏర్పడిన గురుకులమున చేర్పవలెనని ఎన్నియో కుటుంబములు ఆరాటపడుచుండును. ఆ ఆరాటము మంచిదే. కాని ఎంపికైనవారి జాబితాలో బిడ్డపేరు లేదని తెలిసిన దినమున తల్లిదండ్రుల కర్తవ్యమేమి? ఈ పాఠమునకు అదియే విషయము.

ఇట్టి పాఠశాలలు తెలుగునాట 1971లో నాటి నల్గొండ జిల్లాలోని సర్వేలు గురుకులముతో ఆరంభమైనవి. 1972లో కోస్తాకు తాడికొండయందును, రాయలసీమకు కొడిగెనహళ్లియందును గురుకులములు వెలసినవి. 1986 నాటి జాతీయ విద్యావిధానము ననుసరించి జవహర్ నవోదయ విద్యాలయములు దేశమంతట విస్తరించినవి. ఎమ్మిగనూరు చెంతనున్న బనవాసిలో ఒకటియు, రాజంపేట వద్ద ఒకటియు ఈ సీమ పిల్లలకు ప్రసిద్ధములు. ఆరవ తరగతిలో చేరుటకు ఒక్కొక్క విద్యాలయమున గరిష్ఠముగ ఎనుబది స్థానములు మాత్రమే కలవు. వానిలో కనీసము నూటికి డెబ్బదియైదు గ్రామీణ విద్యార్థులకును, మూడవవంతు బాలికలకును కేటాయింపబడును.

ప్రవేశపరీక్ష స్వరూపమును తల్లిదండ్రులు ముందుగ గ్రహింపవలెను. రెండు గంటల కాలములో ఎనుబది ప్రశ్నలకు సమాధానములు గుర్తింపవలెను. మొత్తము నూరు మార్కులు. అందు సగము మానసిక సామర్థ్యమునకును, తక్కిన సగము అంకగణితమునకును భాషకును సమముగ చెందును. అనగా ఒక్కొక్క ప్రశ్న విలువ ఒకటిం బావు మార్కు. ఎనుబదియవ బిడ్డకును, జాబితాకు వెలుపల నిలిచిన తరువాతి బిడ్డకును నడుమ గల దూరము ఒక్క ప్రశ్నయే కావచ్చును. పైగా అనుమతింపబడిన వయస్సులో రెండేండ్లకు మించిన అంతరము గలదు. పదేండ్ల బిడ్డయు పండ్రెండేండ్ల బిడ్డయు ఒకే ప్రశ్నపత్రమును వ్రాయుదురు. కోసిగి, కౌతాళము మొదలగు పడమటి మండలములనుండి మిరపకోతలకు గుంటూరు సీమకు వలసపోవు కూలీల పిల్లలు తల్లిదండ్రుల వెంట వెళ్ళి, నెలల తరబడి బడికి దూరమగుచుందురు. ఇన్ని భేదములను ఒక్క పరీక్ష ఎట్లు తూచగలదు? జాబితా చెప్పునది స్థానములు ఎనుబది యని మాత్రమే. తెలివిగలవారు ఎనుబదిమందియే యని అది చెప్పదు.

ఈ విషయమున విదేశముల అనుభవము సైతము గమనింపదగినది. 1905లో పారిస్ నగరమున ఆల్ఫ్రెడ్ బినే అను శాస్త్రజ్ఞుడు తన సహచరుడైన సిమోనుతో కలిసి బుద్ధిపరీక్షను రూపొందించినాడు. చదువులో వెనుకబడిన పిల్లలను గుర్తించి వారికి తోడ్పడుటయే అతని ఉద్దేశ్యము. బుద్ధి మార్పులేనిదను వాదమును అతడు అంగీకరింపలేదు. 1921లో అమెరికాలో టెర్మన్ అను ఆచార్యుడు అట్టి పరీక్షలతోనే ప్రతిభావంతులైన పిల్లలను ఏరి, వారి జీవితములను దశాబ్దముల పర్యంతము పరిశీలించినాడు. నాడు పరీక్షింపబడియు ఎంపిక కాని బాలురలో విలియం షాక్లీ, లూయీ ఆల్వరెజ్ అను నిరువురు గలరు. వారే పెద్దవారై క్రమముగ 1956లోను, 1968లోను భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము పొందిరి. ఎంపికైన పిల్లలలో ఒక్కరికిని ఆ బహుమానము లభింపలేదు. పరీక్ష పనికిరానిదని దీని భావము కాదు. దాని చూపు కొంతదూరమే యని భావము.

బసవేశ్వరుని బోధలో ఈ సమస్యకు వెలుగు గలదు. పండ్రెండవ శతాబ్దమున కల్యాణనగరములోని అనుభవ మంటపమున మంత్రియైన బసవన్నతోపాటు బట్టలుతుకు మాచయ్యయు, పడవ నడుపు చౌడయ్యయు సమానాసనము నందిరి. కాయకములో హెచ్చుతగ్గులు లేవనునది శరణుల సిద్ధాంతము. ఆ సిద్ధాంతమును నమ్మిన యింట పదేండ్ల బిడ్డను ఒక జాబితానుబట్టి హెచ్చుగనో తగ్గుగనో ఎంచుట తగునా?

ఇక ఆచరణమునకు వచ్చినచో మొదటిది మాట. ఫలితము తెలిసిన సాయంకాలము ఇంట వినబడు మాట బిడ్డ మనస్సున చిరకాలము నిలుచును. “తప్పినావు” అనరాదు. పొరుగింటి పిల్లతో పోల్చరాదు. “సీట్లు తక్కువ, వ్రాసినవారు ఎక్కువ, నీ చదువు ఆగదు” అని తండ్రియే చెప్పవలెను. ఇది ఓదార్పుమాట కాదు, ఉన్నమాటయే.

రెండవది పరిశీలన. కొన్నిదినములు గడచిన పిమ్మట ప్రశ్నపత్రమును ముందుంచుకొని, ఏ భాగమున బిడ్డ తడబడినదో ఉపాధ్యాయునితో కలిసి చూడవలెను. భిన్నములు రానిచో వానిని నేర్పుటకు చేనే చాలును. ఎకరమునకు నూరు సెంట్లు; ఇరువదియైదు సెంట్లు ఎకరములో ఎన్నవ వంతు? క్వింటాలు శనగల ధర తెలిసినచో నలుబది కిలోలకు ఎంత? దినమునకు అరగంట ఇట్లు లెక్కయు, మరియొక అరగంట గట్టిగ చదువుటయు నియమముగ సాగినచో, పరీక్షకై మొదలైన శ్రమ జీవితమునకు ఉపకరించును.

మూడవది సత్యము. నవోదయ పరీక్షను ఆరవ తరగతికి ఒక్కసారియే వ్రాయవలెను. రెండవసారి వ్రాయించుటకై బిడ్డను మరల ఐదవ తరగతిలో కూర్చుండబెట్టుట, పుట్టినతేదీని మార్పించుట వంటి ఆలోచనలు కొందరికి కలుగును. శరణులు బోధించినది సత్యశుద్ధ కాయకము. అబద్ధపు తేదీతో పొందిన సీటు మరియొక బిడ్డ సొత్తు. అంతకన్న కీడు, చదువు మొదటిమెట్టుననే బిడ్డకు దొంగతనము నేర్పినట్లగును.

నాలుగవది ముందుచూపు. తలుపు ఒక్కటి మూయబడినంత మాత్రమున దారి మూయబడదు. ఎనిమిదవ తరగతి చదువుచుండగా, ఖాళీలను బట్టి నవోదయ తొమ్మిదవ తరగతి ప్రవేశమునకు మరియొక పరీక్ష జరుగును. 2008లో ఆరంభమైన జాతీయ ఉపకారవేతన పథకము క్రింద, ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలలలో ఎనిమిదవ తరగతి చదువు పేదవిద్యార్థులు పరీక్షలో ఎంపికైనచో, తొమ్మిది మొదలు పండ్రెండవ తరగతి వరకు ఏటేట పండ్రెండువేల రూపాయలు లభించును. ఈ రెండింటికిని సిద్ధపడుటకు ఆరవ తరగతి నుండి మూడేండ్ల వ్యవధి గలదు.

ఐదవది ఆడబిడ్డ విషయము. ఎంపిక కాని కుమారుని పట్టణములోని ప్రైవేటు బడికి అప్పు చేసియైనను పంపుదురు. కుమార్తెనైనచో “ఇక చాలు” నని పొలమునకో, తమ్ముని ఎత్తుకొనుటకో నియమించు గృహములు ఇప్పటికిని గలవు. ఆమెకు ఎంపిక కాకపోవుట చదువునకే ముగింపగుచున్నది. అక్కమహాదేవిని శ్రీశైల కదళీవనమున స్మరించు కుటుంబములకు ఇది తగదు. పేదబాలికలకై 2004లో దేశమున ఆరంభమైన కస్తూర్బాగాంధీ బాలికా విద్యాలయములు ఆరవ తరగతి నుండి వసతితో కూడిన చదువు చెప్పుచున్నవి. మండలములోని విద్యాధికారిని అడిగినచో వివరములు తెలియును.

మఠములకును ఇందు పాత్ర గలదు. తుమకూరు సమీపమున సిద్ధగంగా మఠమున 2019లో లింగైక్యమొందిన శివకుమార స్వామివారు కులమత భేదములెంచక వేలాది పేదపిల్లలకు అన్నము, ఆశ్రయము, అక్షరము అను త్రివిధ దాసోహము నెరపిరి. అంతటి శక్తి లేని చిన్నమఠము సైతము ప్రతి సాయంకాలము ఒక దీపమును, ఒక చాపను, చదువు చెప్పు ఒక యువకుని సమకూర్పవచ్చును. ఎంపికైన బిడ్డకు ప్రభుత్వము గురుకులము నిచ్చినది. ఎంపిక కాని బిడ్డకు ఇల్లే గురుకులము కావలెను. ఊరును మఠమును ఆ ఇంటికి తోడు నిలువవలెను.